ఇంటి నుంచి కట్టిన డబ్బానే ముందు అనుమానించండి

కారులో దూర ప్రయాణం, దారి తిండి: చేయవలసినవి, చేయకూడనివి

తెల్లారుజామున హైదరాబాద్‌లో బయల్దేరి శ్రీకాకుళం దాకా కారులో వెళ్లాలంటే 700 కిలోమీటర్ల పైమాటే. దారిలో ఏం తినాలన్న ప్రస్తావన వచ్చిందంటే ఇంట్లో పెద్దవాళ్లది ఒకటే మాట: "బయటి తిండి వద్దు, మనమే చేసుకెళ్దాం." మంచి మాటే. ఏ నూనె వాడామో తెలుస్తుంది, ఉప్పూ కారం మన చేతిలో ఉంటాయి, డబ్బులూ మిగులుతాయి. కాకపోతే ఆ మాట వెనక ఒక ధీమా కూడా ఉంటుంది. ఇంట్లో వండింది కదా, ఎన్ని గంటలున్నా ఏమీ కాదులే అని. అక్కడే దెబ్బ తింటాం. దాబాలో పొయ్యి మీంచి అప్పుడే దింపి పొగలు కక్కుతుండగా పెట్టిన పప్పు కన్నా, ఉదయం ఐదింటికి వేడివేడిగా మూత బిగించి డిక్కీలో పడేసి మధ్యాహ్నం రెండింటికి తీసిన మన కూరన్నమే ఎక్కువ ప్రమాదం. సూక్ష్మజీవులు పెరగడానికి తేమ, గోరువెచ్చదనం, కొంత సమయం ఉంటే చాలు. మూడూ ఆ డబ్బాలోనే ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క తేలికగా గుర్తుంటుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య వేడిలో వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి ఉంచకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే అమెరికా వాళ్లు ఆ గడువును గంటకు తగ్గించేశారు. మన మే నెలలో నల్గొండ మీదుగా వెళ్లే కారు సంగతి వేరే చెప్పాలా? ఎండలో అద్దాలు మూసి నిలిపిన బండిలో, బయట 40 ఉంటే గంట తిరిగేసరికి లోపల 60కి చేరుతుంది. అందుకే ఏం వండాలన్నది తర్వాత, ఏది ఎన్నింటికి తింటామన్నది ముందు తేల్చుకోవాలి.

గంటల వరసలో కట్టండి

నాలుగున్నరకు బయల్దేరితే సూర్యాపేట దగ్గర టిఫిన్, రాజమండ్రి చేరే వేళకు భోజనం, అనకాపల్లి దాటాక ఏదో ఒక చిరుతిండి. మెత్తగా, తేమగా, చప్పగా ఉండేవన్నీ మొదటి విడతలోనే అయిపోవాలి. ఇడ్లీలు అలాంటివే. ఆవిరి పోయాక ఒక్కో ఇడ్లీకి కారప్పొడీ నూనే రాసి, అరిటాకులో గానీ విస్తరాకులో గానీ చుట్టి పెట్టుకుంటే చట్నీ గొడవే ఉండదు. కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ ఇంట్లోనే వదిలేసి రండి. పచ్చి కొబ్బరి వేసిన ఏదైనా ఎండలో ఇట్టే పులుస్తుంది.

మధ్యాహ్నానికి పులుపో పొడితనమో ఉన్నవి. పులిహోర, చపాతీల్లోకి తడి లేని బెండకాయ వేపుడు, దిబ్బరొట్టె, తెలంగాణ ఇళ్లలో అయితే సర్వపిండి. ఉల్లిపాయా టమాటా వేసి గ్రేవీగా చేసిన కూరలు కారుకు పనికిరావు. సాయంత్రానికి వేయించిన శనగలు, మరమరాలు, నువ్వుండలు, సకినాలు, పల్లీ చిక్కీ, పండ్లు. ఇవి రోజులూ వారాలూ నిలిచేవి, తొందరేం లేదు.

రాత్రి భోజనం మాత్రం ఇంటి నుంచి మోయకండి. ఉదయం వండింది రాత్రికి తినడం కన్నా, జనం రద్దీగా ఉన్న హోటల్లో అప్పటికప్పుడు కాల్చిన రొట్టె, మరుగుతున్న పప్పు తినడం మేలు. బయట తిన్నా పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ముందే కోసిపెట్టిన పండ్లు, టేబుల్ మీద పొద్దుటి నుంచీ ఉన్న చట్నీల జోలికి పోకండి.

సంక్రాంతికి వెళ్లేవాళ్లు ఈ లెక్కకు ఇంకో రెండు మూడు గంటలు కలుపుకోవాలి. పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరితే సూర్యాపేటలో తినాల్సిన ఇడ్లీ చౌటుప్పల్‌లోనే తినాల్సి వస్తుంది. తినేయండి. చేరాల్సిన ఊరు రాలేదని డబ్బా తెరవకుండా కూర్చోవద్దు, చూడాల్సింది గడియారాన్ని.

అన్నం చల్లారకముందే మూత పెట్టకండి

పులిహోరను ప్రయాణానికి ఎంచుకున్న మన పెద్దవాళ్లది తెలివే, అయితే దాన్ని పద్ధతిగా చేస్తేనే ఆ తెలివి పనిచేస్తుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా ముద్దలా ఉండిపోతే అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు పుట్టించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అన్నం వాసన మారదు, రుచీ మారదు. కాబట్టి "వాసన చూశాను, బాగానే ఉంది" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి.

అన్నం పలుకుగా వార్చి, వెడల్పాటి తాంబాళంలోకి వంపండి. పసుపు, రెండు గరిటెల నూనె, కరివేపాకు వేసి అట్లకాడతో పల్చగా పరవండి. ఫ్యాను కింద పెడితే అరగంటలో అడుగు కూడా చల్లబడుతుంది. చెయ్యి మధ్యలోకి గుచ్చి చూడండి, పైన చల్లగా ఉన్నా లోపల వెచ్చగా తగిలితే ఇంకా కాలేదన్నట్టే. ఈలోపు చింతపండు పులుసును నూనె పైకి తేలేదాకా దగ్గరపడనివ్వండి. నీళ్లలా ఉన్న పులుసు కలిపితే తేమ పెరుగుతుందే తప్ప పులుపు అంటదు. మెతుకు మెతుక్కీ పులుసు పట్టాలి. తెల్లగా మిగిలిన ముద్ద ఉందంటే అక్కడ పులుపు కాపలా లేదు.

చేత్తో కలిపితేనే రుచి అనేవాళ్లతో నాకు పేచీ లేదు. సబ్బుతో మోచేతి దాకా కడుక్కోండి, ఉంగరాలు తీయండి. వేలికి గాయమో సెగ్గడ్డో ఉంటే మాత్రం గరిటె పట్టుకోండి. చర్మం మీది స్టఫైలోకోకస్ విషం కూడా వేడికి లొంగనిదే.

పులుపు వల్ల సూక్ష్మజీవుల జోరు తగ్గుతుంది, ఆగిపోదు. మన వంటింట్లో పులుపును కొలిచే పరికరమూ లేదు. కాబట్టి పొద్దున కలిపింది మధ్యాహ్నానికి అయిపోవాలి. నిమ్మకాయ పులిహోర ఇంకా ముందు. పిండిన రసం తక్కువైతే అది పసుపన్నం, అంతే. "రేపటికి ఇంకా ఊరుతుంది" అని సాయంత్రం మిగిలింది దాచడం ఇంట్లో ఫ్రిజ్ పక్కన చెల్లుతుందేమో, కారులో చెల్లదు.

దద్దోజనం సంగతి ఇంకొంచెం జాగ్రత్త. పాలు పోసి చారెడు పెరుగు తోడేసి కలిపితే దారిలో తోడుకుంటుందన్న పాత పద్ధతి చల్లటి నెలల్లో ఉదయం తినేసేటట్టయితే సరే. ఎండాకాలంలో అన్నం వేరు, పెరుగు వేరు తీసుకెళ్లి తినేముందు కలుపుకోండి. పెరుగు ఐస్‌బాక్సులో ఉండాలి.

ఐస్‌బాక్సును డిక్కీలో పెట్టకండి

ఏసీ గాలి తగిలేది మనం కూర్చునే చోటే. డిక్కీ పొయ్యి పక్క గూడులాంటిది. ముందు సీటు వెనక, కాళ్ల దగ్గర నేల మీద పెట్టండి. ఖరీదైన పెట్టె లేకపోతే థర్మాకోల్ డబ్బా చాలు. నీళ్ల సీసాలను ముందురోజు రాత్రి ముప్పావు దాకా నింపి గడ్డకట్టించండి; అవే ఐసు, కరిగాక అవే తాగే నీళ్లు. పెరుగు, పనీర్, ఉడికించిన గుడ్లు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండి నేరుగా పెట్టెలోకి రావాలి. వేడి డబ్బా పెట్టారా, ఐసంతా దాన్ని చల్లార్చడానికే అయిపోతుంది. ఖాళీ లేకుండా సర్దిన పెట్టె ఎక్కువసేపు చల్లగా ఉంటుంది. పిల్లలు అరగంటకోసారి చల్లనీళ్ల కోసం తెరిచే పెట్టె వేరే ఉంచండి.

గుడ్లు పెంకుతోనే తీసుకెళ్లండి. బయటికి తీశాక రెండు గంటల్లో తినేయాలి. వాసనకు కారులో యుద్ధం జరుగుతుంది కాబట్టి దిగి తింటే అందరికీ క్షేమం.

హాట్‌ప్యాక్ గురించి ఒక్క మాట: అది వేడిని పుట్టించదు, పట్టి ఉంచుతుంది, అదీ కొన్ని గంటలే. తెరిచేసరికి ఆవిరి రాకుండా గోరువెచ్చగా తగిలితే అది చెడటానికి అన్నిటికన్నా అనువైన వేడి. మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, వంపేసి, అప్పుడు పదార్థం పెడితే ఎక్కువసేపు నిలుస్తుంది.

పులిహోరను అల్యూమినియం రేకులో చుట్టకండి, పులుపు లోహాన్ని లాగుతుంది. వేడి పదార్థాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయకండి. దారిలో బజ్జీలు కొన్నా న్యూస్‌పేపరులో చుట్టించుకోకండి. అచ్చు సిరాలోని రసాయనాలు నూనెతో కలిసి లోపలికి వెళ్తాయని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎన్నాళ్లుగానో చెబుతూనే ఉంది. స్టీలు క్యారేజీకి మించింది లేదు. ఒక్కో గిన్నెకు ఒక్కో గరిటె పెట్టుకోండి. ఎంగిలి చెంచా డబ్బాలో ముంచొద్దన్న అమ్మమ్మల ఆంక్ష కారులోనూ వర్తిస్తుంది.

నడుస్తున్న కారులో భోజనాలు పెట్టకండి

తింటున్న పిల్లవాడికి సడెన్ బ్రేకు పడితే ముద్ద గొంతులో అడ్డం పడొచ్చు. ముందు సీట్లో ఉన్నవాళ్లకు వెనకాల ఏం జరుగుతోందో కనిపించదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, జీడిపప్పు, శనగలు, గుండ్రని ద్రాక్షలు కారులో ఇవ్వనే కూడదు. ద్రాక్ష ఇవ్వాల్సి వస్తే నిలువుగా నాలుగు చీలికలు చేయండి. తినిపించడానికి బిడ్డను సీటులోంచి తీసి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా పెట్టింది. జరిమానా పోతే పోయింది, బిడ్డ సంగతి చూసుకోండి. చనుబాలు ఇవ్వాలన్నా బండి ఆపాల్సిందే.

డ్రైవరు చేతికి ముద్దలు అందించడం చాలా ఇళ్లలో ఒక మురిపెం. వద్దు. ఆయన పక్కన పడేసిన నీళ్ల సీసా దొర్లి బ్రేకు పెడల్ కిందకు వెళ్లే అవకాశం ఉంది. సీసాలన్నీ తలుపు అరల్లో గానీ సంచిలో గానీ బిగించి పెట్టండి. బండి నడిపేవాళ్లు మధ్యాహ్నం కడుపునిండా అన్నం తింటే అనకాపల్లి చేరకముందే కళ్లు మూతలు పడతాయి. రెండు చపాతీలు, పెరుగు, ఒక పండు చాలు. మిగతా ఆకలి గమ్యం చేరాక తీర్చుకోవచ్చు. నిద్ర ముంచుకొస్తుంటే కాఫీ తాగి పావుగంట కునుకు తీయాలి, కాఫీ ఒక్కటే సరిపోదు.

ఎక్కడ ఆగి తినాలన్నది కూడా తిండి జాగ్రత్తలో భాగమే. చెట్టు నీడ బాగుందని హైవే అంచున దుప్పటి పరిచి విస్తళ్లు వేసే కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటాయి. పెట్రోలు బంకు, టోల్‌గేటు దగ్గరి పార్కింగ్, హోటల్ ఆవరణ, ఇలా రోడ్డుకు ఎడంగా ఉన్న చోటే ఆగండి. చేతులు కడుక్కోవడానికి ఒక ఐదు లీటర్ల క్యాను నీళ్లు, సబ్బు వేరుగా ఉండాలి. నూనె, మట్టి అంటిన చేతుల మీద శానిటైజరు సరిగా పనిచేయదు.

బాత్రూమ్‌కు భయపడి నీళ్లు మానకండి

ఆడవాళ్లు ప్రయాణమంతా గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకోవడం మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని అలవాటు. చేరాక తలనొప్పి, మర్నాడు మూత్రంలో మంట. ఎండాకాలంలో మనిషికి మూడు లీటర్ల లెక్కన నీళ్లు పెట్టుకోండి. రెండు గంటలకోసారి బండి ఆపడం ముందే ఖాయం చేసుకుంటే అడగడానికి మొహమాటపడే అత్తగారికీ, కోడలికీ ఇబ్బంది ఉండదు. బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా ఇవ్వాలన్నది నియమం, పెట్రోలు పోయించుకోకపోయినా అడగొచ్చు.

కూల్‌డ్రింకులు దాహం తీర్చవు. పల్చటి మజ్జిగ ఐస్‌బాక్సులో ఉంటే మంచిది. పళ్లలో అరటి, కమలా, బత్తాయి, జామ లాంటివి తొక్కతోనో కాయగానో తీసుకెళ్లి అక్కడే కోసుకోండి; పుచ్చకాయ ముక్కలు ఇంట్లో కోసి డబ్బాలో పెట్టుకోవడం ఆ రెండు గంటల నియమం కిందికే వస్తుంది. పచ్చి మొలకలు ఆరోగ్యమే, కానీ వెచ్చటి తేమలో పుట్టినవి కాబట్టి ప్రయాణానికి వద్దు. పండ్లూ కీరదోసా లేకుండా రెండు రోజులు జంతికలూ పులిహోరా తింటే మలబద్ధకం తప్పదు. పైగా జంతికలు, చిప్స్, ఊరగాయల్లోని ఉప్పు బీపీ ఉన్నవాళ్లకు చేటు.

షుగరుకు మందో ఇన్సులినో వాడేవాళ్లు టోల్‌గేటు బారులో గంట ఇరుక్కున్నా ఇబ్బంది పడకుండా, చేతికందే జేబులో గ్లూకోజు గానీ చక్కెర గానీ ఉంచుకోవాలి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే ఇవ్వండి. సున్నుండ అప్పుడు పనికిరాదు, నెయ్యి వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. ఇన్సులిన్‌ను డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, ఐసుకు ఆనించీ పెట్టకండి.

డబ్బాపాలు తాగే బిడ్డకు పాలు కలిపి సీసాలో మోయకండి. పొడి వేరు, ఫ్లాస్కులో మరిగిన వేడినీళ్లు వేరు. అప్పటికప్పుడు కలిపి, చల్లార్చి, పట్టండి. తాగగా మిగిలింది గంట దాటితే పారబోయండి. ఏడాది లోపు పిల్లలకు తేనె ఏ కారణంతోనూ నాకించకండి.

ఘాట్ ఎక్కేముందు కడుపు నింపకండి, ఖాళీగానూ ఉంచకండి

శ్రీశైలం, అరకు, మారేడుమిల్లి, తిరుమల మలుపుల్లో డోకు వచ్చేవాళ్లకు రెండు ఇడ్లీలో నాలుగు బిస్కెట్లో ఘాట్‌కు గంట ముందు చాలు. పూరీ, గారె, పాలు వద్దు. అల్లం మురబ్బా ముక్క కొందరికి పనిచేస్తుంది. వాంతుల మాత్ర డాక్టరును అడిగే వేసుకోవాలి, చాలావాటికి మత్తు వస్తుంది. నడిపేవాళ్లు వేసుకోనే కూడదు.

శ్రీశైలం దారిలో నల్లమల అడవిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్తాం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. గేటు పడేవేళకు మన్ననూరు చేరి, పొద్దుటి పులిహోర మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోకండి. కోతులకు అరటిపండు విసరకండి. ఒకటి విసిరితే వెనక బండి అద్దం లోంచి చేయి పెట్టి లాక్కుంటాయి, కరిస్తే టీకాల కోసం ఆసుపత్రి వెతుక్కోవాలి.

తిరుగు ప్రయాణంలో ప్రేమగా కట్టిచ్చిన మూటలు

అసలు ఇబ్బంది ఇక్కడ. వెళ్లేటప్పుడు డబ్బాల మీద అధికారం మనది, వచ్చేటప్పుడు పిన్నిది, పెద్దమ్మది. పూతరేకులు, తాపేశ్వరం కాజా, ఆవకాయ జాడీ, సకినాలు, అరిసెలు ఎంత దూరమైనా వస్తాయి. బూరెలు, పెరుగు గారెలు, కొబ్బరి లౌజు ఆ రోజు సాయంత్రం దాకానే. ఇక "నీకిష్టమని పొద్దున్నే చేశానురా" అంటూ వేడివేడి చేపల పులుసు స్టీలు క్యాను నిండా పోసిస్తారు చూడండి, దానికి ఎలా వద్దంటాం? వద్దనక్కర్లేదు, ముందురోజే ఫోనులో చెప్పండి: "పిన్నీ, రాత్రే వండి, చల్లార్చి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టు, గడ్డకట్టాక పట్టుకెళ్తాం." చింతపండు పులుసే కదా అన్న ధైర్యం చేపముక్క లోపలికి పనిచేయదు. ఫ్రీజరు లేని ఇల్లయితే అక్కడే కూర్చుని తినేసి రావడమే. నాటుకోడి కూరకూ ఇదే మాట. గడ్డ కరిగి గోరువెచ్చబడిందని తెలిస్తే ఇల్లు చేరాక ఎంత మరిగించినా లాభం లేదు.

వాంతులు మొదలైతే

తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు పట్టుకుంటే అనుమానం ఆ డబ్బా మీదే. అందులో మిగిలింది ఇంకెవరూ తినకండి. బయల్దేరేముందే నాలుగైదు ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచిలో వేసుకోవాలి. మెడికల్ షాపులో కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. చక్కెర ఎక్కువున్న పళ్లరసం లాంటి డబ్బాలు ఓఆర్‌ఎస్ పేరుతోనే చాలాకాలం అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్లలో పూర్తిగా కలపాలి, సగం పొట్లం సగం సీసా అంటూ అంచనాలు వద్దు. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో తలగొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా పట్టండి. గ్లాసుతో ఒక్కసారి తాగిస్తే తిరిగొస్తుంది.

గుక్కెడు కూడా నిలవకపోయినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, పిల్లలు మూత్రం పోయకుండా మగతగా పడి ఉన్నా ఊరు చేరేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి, జాతీయ రహదారి మీద ఉంటే 1033 కూడా పలుకుతుంది. ఏ కిలోమీటరు రాయి దగ్గరున్నారో, ఏది తిన్నారో, ఎన్నింటికి వండి ఎన్నింటికి తిన్నారో చెప్పండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.